నూనె శాఖామాత్యుడి ముక్కు

మీరంతా నన్ను ఇంటి యజమాని అనుకుంటున్నారు కదా, ఆ భ్రమ అలాగే ఉండనివ్వండి. నిజానికి మా ఇంట్లో నా మాట చెల్లేది ఒక్క నూనె దగ్గరే. కర్టెన్ల రంగు మా ఆవిడ శాఖ. పిల్లల చదువు ఆవిడ శాఖ. నేను ఏ చొక్కా తొడుక్కోవాలన్నది కూడా ఆవిడ శాఖే. పల్లీ నూనె మాత్రం నాది.

పార్సిలాఫీసులో రోజంతా ఊళ్లోవాళ్ల మూటలు తూచే మనిషిని. అక్కడ నన్ను పలకరించేది తూకం ముల్లు ఒక్కటే. అలాంటిది గానుగ దగ్గర నిలబడి, సీసా మూత తీసి, కళ్లు మూసుకుని ఒకసారి పీల్చి "ఊఁ, నింపు" అన్నానంటే... ఆ హోదా మీకు చెప్పినా అర్థం కాదు.

ఆ హోదాకే మొన్న ఎసరొచ్చింది.

మా ఆవిడ బంగాళాదుంప ముక్కలు వేయిస్తోంది. బాణలిలో నురగ లేచింది. మామూలు నురగ కాదు, ముక్కల్ని గరిటెతో వెతికి పట్టుకోవాల్సినంత.

"ఏవండీ, ఇది నూనా, సబ్బునీళ్లా?"

"స్వచ్ఛమైన నూనె అలాగే పొంగుతుంది. సంతోషం పట్టలేక."

"దీని సంతోషం తగలెయ్య! ముక్కిన వాసన కొడుతోంది. గానుగవాడు పాత పల్లీలు ఆడించి మీ మొహాన కొట్టాడు."

"నా ముక్కుని శంకిస్తున్నావా?"

"ముక్కుని కాదు, దాని వెనకాల ఉన్న మనిషిని."

పక్కగదిలోంచి మా అత్తగారు కిసుక్కున నవ్వారు. దాంతో నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. వెయ్యి గిన్నెల్లో పోసి పెట్టినా, నేను తెచ్చిన నూనె ఏదో కళ్లకు గంతలు కట్టుకుని చెప్పేస్తానన్నాను.

"వెయ్యి గిన్నెలకి ఇంట్లో చోటెక్కడ? మూడు చాలు," అంది మా ఆవిడ. "చెప్పగలిగితే జన్మంతా నూనె మీదే. చెప్పలేకపోతే ఇక నుంచి గానుగకి వెళ్లేది నేను."

"సై!" అన్నాను. అనేశాక లెక్క వేసుకున్నాను. నూనె కూడా పోతే ఈ ఇంట్లో నాకూ గోడ గడియారానికీ తేడా ఉండదు. గడియారాన్ని అప్పుడప్పుడైనా చూస్తారు.

పోటీనాడు పొద్దున లేచేసరికి ముక్కు రెండు తలుపులూ వేసేసుకుంది. జలుబు! సబ్బు వాసన లేదు, కాఫీ వాసన లేదు. చెత్తబండి మా కిటికీ కిందే ఆగితే ఇంటిల్లిపాదీ కొంగులూ తువ్వాళ్లూ ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం కిటికీ పక్కనే ప్రశాంతంగా కాఫీ తాగుతున్నాను.

"అల్లుడుగారిది ఎంత నిగ్రహం!" అన్నారు అత్తగారు.

మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది, అంతే.

నేను చల్లగా ఎదురింటికి జారుకున్నాను. అక్కడ ఉండే దర్జీని కత్తెర బావ అంటాం. ఎవరు మాట్లాడినా మధ్యలో కత్తిరిస్తాడు.

"బావా, ఇవాళ నా పరువు..."

"పోయిందా?"

"నీ చేతుల్లో ఉంది. సాక్షిగా వచ్చి కూర్చో. నా నూనె గిన్నె రాగానే..."

"తాగెయ్యనా?"

"దగ్గు! చిన్నగా దగ్గు, చాలు."

అందరం ముందుగదిలో చేరాం. మా ఆవిడ తువ్వాలుతో నా కళ్లకు గంతలు కట్టింది. తలకాయ ఊడొచ్చేంత గట్టిగా కట్టింది.

మొదటి గిన్నె ముక్కు కిందికి వచ్చింది. బావ దగ్గాడు. ఇదే అనబోయాను.

"తొందరపడకండి," అంటూ మా ఆవిడ రెండోది పెట్టింది. బావ రెండుసార్లు దగ్గాడు.

ఇదేం లెక్కరా నాయనా అనుకుంటుండగా మూడోది వచ్చింది. బావ దగ్గు అందుకున్నాడు. ఆపడే! ఖళ్లు ఖళ్లుమని, కుర్చీ కూడా అతనితో పాటు దగ్గుతోందా అన్నట్టు కిర్రుమంటోంది. పెద్ద దగ్గే అసలు సైగ అని తేల్చుకున్నాను.

"ఇదీ నూనె అంటే!" అని ఛాతీ విరిచాను. "ఎండలో గలగలలాడేదాకా ఆరిన గింజ! చెక్క గానుగలో నిదానంగా తిరిగి, మడ్డి అడుక్కి దిగి, పైన బంగారంలా తేరుకున్న నూనె! ఇందులో నాకు రైతు చెమట కూడా తెలుస్తోంది!"

బావ దగ్గు ఇంకా సాగుతూనే ఉంది.

"ఆ రైతు చొక్కా ఏం రంగో కూడా చెప్పండి అల్లుడుగారూ," అన్నారు అత్తగారు.

గంతలు లాగేశాను. గదంతా పొగ! పొయ్యి మీద బంగాళాదుంపలు బొగ్గులైపోయాయి. అత్తగారు చేటతో విసురుతున్నారు. కత్తెర బావ కళ్లల్లోంచి నీళ్లు ధారలు కడుతున్నాయి. నా చేతిలో గిన్నె ఖాళీగా ఉంది.

"మొదటి రెండూ కూడా ఖాళీవే," అంది మా ఆవిడ. "చెత్తబండి దగ్గరే తెలిసింది మీకు జలుబని. నూనె దండగెందుకు?"

"మరి బంగాళాదుంపలు?"

"దర్జీ అన్నయ్యని ఊరికే పిలవరుగా మీరు. ఏదో ఒక సైగ అనుకునే ఉంటారు. ఆ సైగేదో పొగలో చేసుకోండని మాడ్చాను."

"అమ్మా, ముందే చెప్తే రాకపోదునుగా!" అన్నాడు బావ, దగ్గుల మధ్య సందు చూసుకుని.

మర్నాడే మా ఆవిడ గానుగకి బయల్దేరింది. వెనకాల ఖాళీ డబ్బాతో నేను. ఆవిడ సీసా ముట్టుకోలేదు, వాసన చూడలేదు. సరాసరి పల్లీల బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, అందులో నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలింది. తుపుక్కున ఉమ్మింది. ఇంకో బస్తా విప్పమంది. ఇన్నాళ్లూ నన్ను చూసి చిరునవ్వులు చిందించిన గానుగవాడు నుదురు తుడుచుకుంటూ బస్తా మూతి విప్పాడు.

ఆవిడ ఆ గింజలు నమిలి తలూపింది. తర్వాత నామీద జాలేసిందో ఏమో, గుప్పిట తెరిచి నా ముందు పెట్టింది.

"ఇవి కూడా చూసి చెప్పండి. మీకూ అనుభవం ఉందిగా."

పోయిన ప్రాణం లేచొచ్చింది. జలుబు కూడా తగ్గింది. గానుగవాడికి వినపడేలా కరకరా నమిలి, కళ్లు మూసుకుని అన్నాను: "అద్భుతం! వీటినే ఆడించు!"

"అవి నేను వద్దన్న బస్తావి," అంది మా ఆవిడ. "డబ్బా కింద పెట్టకండి, మట్టవుతుంది."