ఆరూ నలభై రైలూ, మూడు వాచీలూ

ఆ రోజు పొద్దున్నే వాచీల మాస్టారు వేసుకున్న పథకం చాలా మామూలుది. రైలెక్కి పెద్ద ఊరు వెళ్లడం, సాయంత్రం మళ్లీ రైలెక్కి ఇంటికి రావడం, దారిలో ఎక్కడ ఎంతసేపు పట్టిందో పుస్తకంలో రాసుకోవడం. ఇంతకన్నా నిరపాయమైన పథకం ఎవరైనా వేయగలరా? దానివల్ల ఒక ఊరు ఊరంతా నలభై నిమిషాలు ముందుకు దూకుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

అసలు సంగతేమిటంటే, పెద్ద ఊళ్లో గంటస్తంభం గడియారాన్ని నలభై ఏళ్లుగా చూసుకుంటున్న ముసలాయన ఉద్యోగ విరమణ చేస్తున్నాడు. ఆ పని మీకిస్తాం, రేపు పొద్దున్నకల్లా ఏ సంగతీ చెప్పండి అని మాస్టారికి ఉత్తరం వచ్చింది. పాతికేళ్లుగా ఆయన ఇంటి వరండాలో కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని, ఆవగింజంత మరలతో కుస్తీ పడుతున్నారు. తుమ్మితే ఎగిరిపోయే సరుకు. అందుకని తుమ్ము వస్తే లేచి వీధిలోకి పరుగెత్తి, తుమ్మి, తిరిగొచ్చి కూర్చుంటారు. అలాంటి మనిషికి, లోపలికి నడిచి వెళ్లగలిగినంత గడియారం! ఉత్తరం చదివినప్పటినుంచీ ఆయనకి అన్నం సయించలేదు.

చిక్కల్లా దూరంతోనే. మాస్టారి భార్య ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆమె ఉద్యోగం వదులుకుని ఇల్లు మార్చే ప్రసక్తే లేదు. రోజూ వెళ్లి రావలసిందే. దానికి ఆమె ఒక్కటే షరతు పెట్టింది.

"పాప ఎనిమిదింటికి నిద్రపోతుంది. అది పడుకునేలోపు మీరు ఇంట్లో ఉండేటట్టయితే నిక్షేపంగా చేరండి. ఎనిమిది దాటుతుందంటే మాత్రం వద్దు. పిల్ల ఆదివారం ఆదివారం తండ్రి మొహం చూడ్డం నాకిష్టం లేదు."

"అందుకే కదా, ఇవాళ వెళ్లి కొలిచి వస్తానంటున్నాను."

"వాచీ చూసి కొలవండి. మనసుతో కొలవకండి. మీ మనసు అప్పుడే ఆ గంటస్తంభం ఎక్కి కూర్చుంది."

మాస్టారు నొచ్చుకున్నారు. నొచ్చుకుని, ఒకటి కాదు, మూడు వాచీలు ఎడమచేతికి వరసగా కట్టుకున్నారు. ఒక వాచీ అబద్ధమాడవచ్చు, రెండు వాచీలు పోట్లాడుకోవచ్చు, మూడుంటే మెజారిటీ తెలుస్తుంది. ఇది ఆయన సిద్ధాంతం. తెల్లచొక్కా తొడుక్కుని, నల్లట్ట పుస్తకం చంకలో పెట్టుకుని బయలుదేరారు.

రైలు ఆరూ నలభైకని స్టేషన్లో బోర్డుంది. ఆరున్నరకి మాస్టారు వెళ్లేసరికి ప్లాట్‌ఫారం మీద పురుగు లేదు. రైలు కూడా నిద్ర లేవనట్టు పడి ఉంది. అది ఏడింటికి ముందు ఎన్నడూ కదలదనీ, పెద్ద ఊరు తొమ్మిదీ ఇరవైకి ముందు చేరదనీ రోజూ వెళ్లే వాళ్లందరికీ తెలుసు. వరండాకీ వంటింటికీ మధ్య తప్ప ప్రయాణం ఎరగని మాస్టారికి ఎలా తెలుస్తుంది? ఆయన బోర్డును నమ్మారు. ఆ రైలు చరిత్రలో బోర్డును నమ్మిన మొదటి మనిషి ఆయనే.

బెంచీ మీద కాళ్లు చాపుకుని పేపరు చదువుతున్న గార్డు ఒక కంటితో ఆయన్ని చూశాడు. తెల్లచొక్కా చూశాడు. పుస్తకం చూశాడు. చేతిని చూసి రెండో కన్ను కూడా తెరిచాడు.

"ఏం రాసుకుంటున్నారండీ?"

"టైమండీ. రైలు ఎప్పుడు కదులుతుందో, ఎక్కడెక్కడ ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో అంతా రాయాలి. రేపు పొద్దున్నకల్లా తేల్చేయాలి. ఒక్క నిమిషం ఎక్కువైనా కుదరదని గట్టిగా చెప్పి పంపారు."

గార్డు పేపరు మడిచి పక్కన పడేశాడు. లేచి నిలబడి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "సార్... తమరు పై ఆఫీసు నుంచా?"

"అబ్బే, నేను వాచీలు బాగుచేసుకునేవాణ్నండీ."

ఇంత పెద్ద అధికారి ఇంత తొణకకుండా అబద్ధమాడడం గార్డు తన సర్వీసులో చూడలేదు. "అర్థమైంది సార్. నేనెవరికీ చెప్పను సార్" అని మాట ఇచ్చి, ఇంజను దగ్గరికి పరుగెత్తి, డ్రైవరుకి చెప్పాడు. ఆ తర్వాత స్టేషను గదిలోకి దూరి, దారిలో ఉన్న స్టేషన్లన్నిటికీ ఫోను చేసి చెప్పాడు.

సరిగ్గా ఆరూ నలభైకి రైలు కూసింది. మూడు వాచీలూ ఒక్కమాట మీద ఉన్నాయి. మాస్టారి ఒళ్లు గగుర్పొడిచింది. వేలెడంత వాచీని టైముకి నడిపించడానికే ఆయన తలప్రాణం తోకకొస్తుందే, మరి ఇన్ని పెట్టెల ఇనుమును అరసెకను తేడా లేకుండా కదిలించిన మహానుభావులెవరో! కనిపిస్తే దణ్ణం పెట్టాలనుకున్నారు.

మొదటి స్టేషన్లో ఎవరూ లేరు. రెండో స్టేషన్లో నలుగురు మనుషులు దూరంగా పొలాల గట్ల మీద టిఫిన్ డబ్బాలు ఊపుకుంటూ పరుగెత్తుకొస్తూ కనిపించారు. రైలు వాళ్ల కోసం ఆగలేదు. రోజూ డ్రైవరు పది నిమిషాలు నిలబెట్టి టీ తాగే గేటు దగ్గర, టీకొట్టాయన రెండు చేతుల్లో ఆరు గ్లాసులు పట్టుకుని ముందుకొచ్చాడు. రైలు ఆయన ముక్కు ముందునుంచి దూసుకుపోయింది. ఆయన గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఆగలేదు" అని మాస్టారు భక్తిగా రాసుకున్నారు.

మూడో స్టేషన్లో ఒకావిడ కదులుతున్న పెట్టెలోకి ఎలాగో ఎక్కి, మాస్టారి ఎదురుగా కూలబడింది. పెద్ద ఊళ్లో టైపిస్టు. చేతిలో ఊలు సంచీ. రొప్పు తగ్గాక అంది, "పందొమ్మిదేళ్లుగా ఈ రైల్లో వెళ్తున్నానండీ. ఇది ఆగినప్పుడల్లా అల్లుకుంటూ నలభై స్వెట్టర్లు పూర్తిచేశాను. ఇవాళేమైంది దీనికి?"

"ఏమీ కాలేదమ్మా. టైముకి వెళ్తోంది."

ఆవిడ ఆ మాట విని మాస్టారికేసి, మాస్టారి చేతికేసి చూసింది. సంచీలోంచి సూదులు బయటికి తీయడానికి కూడా ధైర్యం చాలలేదు.

రైలు ఎనిమిదీ నలభైకి పెద్ద ఊరు చేరింది. కచ్చితంగా రెండు గంటలు. స్టేషను మాస్టరు టోపీ పెట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాడు. మైకులో చెప్పే అమ్మాయి ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆ రైలు గురించి ఒకే ఒక్క వాక్యం చదివింది, ప్రయాణికుల అసౌకర్యానికి చింతిస్తున్నామని. ఇవాళ ఏం చెప్పాలో ఆమెకి తోచలేదు. మైకు కాసేపు బరబరలాడింది. తర్వాత, "రైలు... వచ్చిందండీ" అంది. ప్లాట్‌ఫారం మీద కూలీలు నెత్తిమీది సామాన్లతో సహా ఆగి నోరు తెరిచారు.

మాస్టారు వీధిలోకొచ్చి తలెత్తి చూశారు. ఎదురుగా గంటస్తంభం. గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది. ఎంత అందంగా ఉందో అనుకునేలోపు, ఆయన చూస్తుండగానే, దాని పెద్దముల్లు జరజరా జారి తొమ్మిదీ ఇరవై దగ్గర నిలబడింది.

ఊరు ఒక్కసారి గొల్లుమంది. బడిగంట గణగణా మోగింది. బ్యాంకు గుమాస్తా సగం గడ్డం నురగతో పరుగెత్తాడు. ఒకాయన ఒక కాలికి చెప్పూ, ఒక కాలికి బూటూ వేసుకుని ఆఫీసుకేసి దౌడు తీశాడు. దుకాణాల తలుపులు దబదబా తెరుచుకున్నాయి. మాస్టారు తన మూడు వాచీలూ చూసుకున్నారు. అంత పెద్ద ఊళ్లో సరైన టైము తెలిసిన మనిషి తానొక్కడే. గబగబా గంటస్తంభం నూట నలభై మెట్లూ ఎక్కారు.

పైన గది తలుపు తీసి, ఎందుకో తనకే తెలియకుండా చెప్పులు విప్పేశారు. మనిషెత్తు చక్రాలు. వాటి పళ్లు ఒకదాని మీదికొకటి నెమ్మదిగా, తొందరేమీ లేదన్నట్టు ఒరుగుతున్నాయి. రెండు నిలువుల లోలకం చీకట్లోంచి వచ్చి చీకట్లోకి పోతోంది. అది కొట్టుకునే చప్పుడు చెవులకి కాదు, ఛాతీకి వినిపించింది. పాతికేళ్లుగా భూతద్దంలో చూసిన లోకంలోకి ఇవాళ ఎవరో తనని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినట్టయి, ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయి.

"కొత్తాయనవా? రా నాయనా" అన్నాడు గడియారం ముసలాయన, నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "ఇవాళ నలభై నిమిషాలు వెనకబడింది ఇది. ఎప్పుడూ ఇలా చెయ్యలేదు. ఇప్పుడే సరిచేశాను."

"తాతగారూ, ఇది ఇంతకుముందు సరిగ్గానే ఉందండీ! మీరెలా సరిచేశారు?"

"రైలు కూత విని. పొద్దుటి రైలు కూసిందంటే తొమ్మిదీ ఇరవై. నలభై ఏళ్లుగా చూస్తున్నాను, గడియారం తప్పొచ్చేమో గానీ ఆ రైలు తప్పదు."

మాస్టారు చెయ్యి చాపి మూడు వాచీలూ చూపించారు. ముసలాయన ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మూడూ నిజమే చెబుతున్నాయి. "అయితే రైలు... టైముకి వచ్చిందా?" అన్నాడు. అవునన్నారు మాస్టారు. ముసలాయన గోడకానుకుని నెమ్మదిగా నేలమీద కూర్చున్నాడు. "నా బతుకులో చూస్తాననుకోలేదు నాయనా" అన్నాడు. "ఇంక నాకు చేతులాడవు. నువ్వే వెనక్కి తిప్పు."

మాస్టారు రెండు చేతులతో ఇత్తడి పిడి పట్టుకుని తిప్పారు. అప్పటికి నిజమైన టైము తొమ్మిది. బయట పెద్దముల్లు వెనక్కి నడిచింది. కిటికీలోంచి చూస్తే, కింద పరుగెడుతున్న వాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగి, తలలెత్తి పైకి చూస్తున్నారు. ఊరికి ఉత్తపుణ్యానికి నలభై నిమిషాలు దొరికాయి. వాటితో ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు. కాసేపటికి కొందరు మెట్ల మీద కూర్చున్నారు. ఏళ్ల తరబడి ఒకే వీధిలో ఒకరినొకరు దాటుకుపోయిన వాళ్లు పలకరించుకున్నారు. సగం గడ్డం గుమాస్తా మిగతా సగం నింపాదిగా గీయించుకున్నాడు. మాస్టారు పిడి మీద చేతులు వేసి అలా చూస్తూనే ఉండిపోయారు. ఈ ఉద్యోగం లేకుండా ఇక తాను బతకలేనని ఆయనకి తెలిసిపోయింది.

సాయంత్రం స్టేషనుకి నడుస్తున్నప్పుడు మాత్రం ఒక అనుమానం పీకింది. పొద్దున టైపిస్టావిడ చూసిన చూపూ, గార్డు పెట్టిన గుండీలూ ఒకదానికొకటి అతుక్కుని అర్థం తెలిసింది. రైలు తనని చూసి పరుగెత్తింది! తనని కొలుస్తున్నారని తెలిసిన వస్తువును కొలిస్తే అదేం కొలత? భార్యకి మాటిచ్చి వచ్చారు. మాస్టారు ప్రాణం ఉసూరుమంటుండగా వాచీలు మూడూ విప్పి జేబులో వేసుకున్నారు.

సాయంత్రం గార్డు పెట్టె పెట్టెకీ తిరిగి అందరి మణికట్లూ చూశాడు. మూడు వాచీల చెయ్యి కనబడలేదు. "పెద్దాయన వెళ్లిపోయినట్టున్నారు" అని ఊపిరి పీల్చుకుని పేపరు తెరిచాడు. మాస్టారి ఎదురుగా కూర్చున్న టైపిస్టావిడ మాత్రం గుర్తుపట్టి, "మంచి పని చేశారండీ. పొద్దున ఒక్క వరస కూడా అల్లలేదు" అంది గుసగుసగా. అయిదూ పదికి కదలవలసిన రైలు అయిదున్నరకి కదిలింది. గేటు దగ్గర టీ తాగింది. ఎందుకో ఒక వంతెన మీద కూడా ఆగింది. ఏడూ ఇరవైకి ఇల్లు చేరవలసిన మాస్టారు ఎనిమిదీ ముప్పై అయిదుకి చేరారు. పాప గోడవైపు తిరిగి నిద్రపోతోంది.

మాస్టారు మంచం పక్కన నిలబడి చాలాసేపు చూశారు. తర్వాత వంటింట్లోకి వెళ్లి, గార్డు సంగతంతా చెప్పి, పుస్తకం భార్యకిచ్చారు. "కుదరదు. రేపు వద్దని రాసేస్తాను" అన్నారు.

నర్సమ్మ జ్వరం చార్టు చూసినట్టు రెండు పేజీలూ చూసింది. "పొద్దున రెండు గంటలు. సాయంత్రం దాదాపు మూడున్నర. పొద్దున వాచీలెక్కడున్నాయి?"

"చేతికి."

"సాయంత్రం?"

"జేబులో."

"మరి రేపట్నుంచి చేతికే కట్టుకోండి."

"అది మోసం కాదూ?"

"మీ వాచీలు మీ చేతికి కట్టుకుంటే మోసమేమిటండీ? ఎవరైనా అడిగితే నిజమే చెప్పండి. పొద్దున చెప్పారుగా, ఎవరైనా నమ్మారా?"

మాస్టారు ఉద్యోగంలో చేరారు. రోజూ ఆరూ నలభైకి రైలు, ఏడూ ఇరవైకి ఇల్లు, ఎనిమిది దాకా ఒళ్లో పాప. నెల తిరిగేసరికి దారిలో ఊళ్లన్నీ పొద్దున్నే లేవడం నేర్చుకున్నాయి. ఇంతలో ఒకరోజు గార్డు ఆయన చెవిలో ఊదాడు. "సార్, ఈ రైలు టైముకి నడుస్తోందంటే పైవాళ్లు నమ్మట్లేదట. సోమవారం ఇంకో ఆఫీసరు వస్తున్నాడు సార్, మీమీద పోటీకి."

వచ్చేది అసలైన అధికారి. నువ్వెవరివని ఒక్క ప్రశ్న వేశాడంటే రైలు మళ్లీ టీ తాగుతుంది, వంతెనల మీద నిలబడుతుంది, పాప గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఆదివారమంతా మాస్టారు పాపని ఒళ్లోంచి దించలేదు.

ఆ అధికారి చాలా జాగ్రత్త గల మనిషి. బయలుదేరే ముందు పదేళ్ల రికార్డులు తిరగేసి, ఆ రైలు ఏడింటికి ముందు ఏనాడూ కదలలేదని రూఢి చేసుకుని, ఎందుకైనా మంచిదని పది నిమిషాలు ముందుగానే, ఆరూ యాభైకల్లా ప్లాట్‌ఫారం మీదికి వచ్చాడు. అడగడానికి అక్కడ మనిషన్నవాడు లేడు.

మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, రైలు ఇంకా రాలేదనీ, ఆలస్యం విషయంలో ఎలాంటి మార్పూ లేదనీ నివేదిక రాసి వెళ్లిపోయాడు.