బోర్డు మారిస్తే పంట మారుతుంది

సైన్సుకు పట్టిన అసలు చీడ ఏమిటో తెలుసా? ప్రయోగం! ఫలితం ముందే తెలిసిన పెద్దమనిషి ఒకరు ఉండగా మళ్లీ విత్తనాలు, కొలతలు, ఎండలో తిరుగుళ్లు దేనికండీ?

ఈ జ్ఞానం నాకు మా బావ డాక్టర్ ఉపేంద్ర వల్ల అబ్బింది. చీపురుపల్లి అవతల ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రానికి ఆయన డైరెక్టర్. ఆయన మనసు ఎలా ఉంటే అక్కడ సైన్సు అలా ఉంటుంది. ఆయనకు చలివేస్తే మే నెలలోనైనా స్టాఫంతా స్వెట్టర్లు తొడుక్కుంటారు. ఒప్పుకోని థర్మామీటరుకు మెమో ఇస్తారు.

మొన్న ఆయన వాన పడలేదన్నారు. వాన కొలిచే డబ్బాలో చూస్తే నీళ్లున్నాయి. వెంటనే ఎంక్వైరీ వేసి, అవి కాకి స్నానం చేయగా మిగిలిన నీళ్లని తేల్చారు. ఇంత ఐకమత్యం ఏ దేశపు ల్యాబులో ఉందో చూపించండి!

సెమినార్లూ అంతే. ప్రశ్న బావే వేసుకుంటాడు, "మంచి ప్రశ్న" అని తనే మెచ్చుకుంటాడు, జవాబూ తనే చెప్పుకుంటాడు. మిగతావాళ్లు ఉప్మా తింటారు.

బావ కనిపెట్టిన వాటిలో గొప్పది ఉపేంద్రామృతం. వరికి పోసే మందు. పోస్తే దిగుబడి రెట్టింపవుతుందని ఆయనకు ఒకరోజు పళ్లు తోముకుంటుండగా తెలిసింది. తెలిసిపోయాక ఇంకా అనుమానమేమిటి? చుట్టుపక్కల రైతులందరికీ పంచడానికి డ్రమ్ములు నింపి ఉంచాడు. పరిశోధనలో రుజువైందని ఒక్క ముక్క ఉంటే చాలు.

ఆ ముక్క రాయాల్సిన పిల్ల గౌతమి. ఆమె పీహెచ్‌డీకి బావే గైడు. ఏళ్ల తరబడి చదివిన చదువంతా ఆయన సంతకం దగ్గర ఆగి ఉంది. అలాంటప్పుడు బుద్ధిగా ఉండొద్దూ? పక్కపక్కనే రెండు మళ్లు వేసింది. ఒకదానికి అమృతం పోసింది, రెండోదానికి ఉత్త నీళ్లు పెట్టింది. దేని బోర్డు దానికి పాతింది. అమృతం తాగిన మడి మాడిపోయింది. నీళ్ల మడి కంకుల బరువుకి వంగిపోయింది.

బావ గట్టు మీద నిలబడి రెండు బోర్డులూ మార్చి మార్చి చూశాడు.

"బోర్డులు తారుమారైనాయమ్మా. మార్చి పాతు. పాతినాక రాయి. అప్పుడు సంతకం ఎడతాను."

చూశారా! రెండు మళ్లు పంట కాలమంతా శ్రమించి ఇవ్వలేని దిగుబడిని బావ ఒక్క గునపంతో పండించాడు. ఇలాంటి మనిషిని పొగడక ఏం చేస్తాం?

గౌతమి ఎదురు చెప్పలేదు. "అలాగే సార్. కానీ కళ్లతో సూస్తేనే రైతులు నమ్ముతారు. ముందుగా తమరి సొంత పొలంలో పోసి సూపిద్దాం" అంది. తన పేరున్న మందు కదా, బావ పొంగిపోయి సరేనన్నాడు.

నరసన్నపేట దగ్గర బావ పొలం. గౌతమి రైతుల్ని పిలిపించింది. బోర్డు పాతి, ట్రాక్టరు మీంచి డ్రమ్ములు దింపించింది. బావ చేతికి చెంబు అందించింది.

చెంబు వంచబోతుండగా మా అక్క జగదీశ్వరి గట్టు మీదికి వచ్చింది.

"పిల్లలు తినే గింజలివి. ఆ మందు ఒక్క సుక్క పడినా నానూరుకోను, సెప్తన్నాను."

బావ చెంబు దించేశాడు. భార్య మాటకు భయపడి కాదు, మాడిన మడి గుర్తొచ్చి; నాకు తెలుసు. ఆమె రావడమే ఆలస్యమన్నట్టు దించాడు.

రైతుల్లోంచి అసిరయ్య అనే ముసలాయన తలపాగా తీసి దులుపుకున్నాడు.

"మరి మా గింజలు ఎవులు తింతారు బాబూ?"

ప్రశ్నలన్నీ తనే వేసుకునే మా బావకు ఈ ప్రశ్న మాత్రం ఎప్పుడూ తోచలేదు. ఆ రెండు మళ్ల సంగతి ఉన్నది ఉన్నట్టు రాసి గౌతమి సంచిలో పెట్టుకు తిరుగుతున్న థీసిస్ అడిగి తీసుకుని, ట్రాక్టరు బానెట్ మీద పెట్టి సంతకం చేశాడు.

తర్వాత నా భుజం మీద చెయ్యేశాడు. "ఒరే నరేషూ, నీకు నామీద నమ్మకం కదా. ఈ డ్రమ్ములు నీ పొలానికి తోలించీసుకో."

నాకున్నది ఎకరం. ఆ ఎకరమే మా ఇంటి తిండి. గౌతమి ఇంకా అక్కడే బోర్డు పీకుతోంది. పక్కకు పిలిచి మెల్లగా అడిగాను: "అమ్మా, ముందు ఏదైనా చిన్న మడిలో పోసి చూద్దామా?"