ప్రెసిడెంటు గారి ఇంటి సినిమా

కొత్తగడ్డ పంచాయతీ సమితి అధ్యక్షులు శ్రీ ముత్యంరావు దొరవారు, ప్రజల విజ్ఞానాభివృద్ధి నిమిత్తం సమితి సొమ్ముతో కొనబోయే సినిమా యంత్రాన్ని తమ స్వగృహంలోనే పెట్టుకోవడానికి దయతో సమ్మతించారు. ఇంతటి త్యాగం ఆదిలాబాదు జిల్లాలో అంతకు మునుపు ఎవరూ చేసి ఉండలేదు. యంత్రం బడిలో ఉంటే బాగుంటుందేమోనని సమావేశంలో ఒక సభ్యుడు అనబోయి, దొరవారి ముఖం చూసి, ఆ మాటను దగ్గుగా మార్చుకున్నాడు.

సామగ్రి ఎంపిక బాధ్యత సోషల్ ఎడ్యుకేషన్ ఆర్గనైజర్ లక్ష్మీరాజం మీద పడింది. ఆయనది టెంపరరీ ఉద్యోగం. ప్రెసిడెంటు గారు ఒక్క మాట చెబితే పర్మనెంటు అవుతుంది. చెప్పకపోతే మార్చి నెలాఖరుకు ఊడుతుంది. ఇంట్లో భార్య అనసూర్య అన్నం వడ్డిస్తూ, "నౌకరి పక్కా అయిందా?" అని అడిగేది. "కాలే" అంటే ఆ పూట పప్పు పలుచబడేది.

హైదరాబాదు నుంచి ఏజెంటు మూడు ప్రొజెక్టర్లు తెచ్చి వసారాలో పెట్టాడు. దొరవారు ఎడ్ల అంగడిలో కోడెలను చూసినట్టు ఒక్కొక్కదాని చుట్టూ తిరిగి, వెన్ను నిమిరి, మూతి ఎత్తి చూశారు.

"వీట్ల గట్టిది ఏది?"

"లెన్సును బట్టి చెప్పాలి సార్," అన్నాడు ఏజెంటు.

"లెన్సు ముచ్చట నాకెందుకు వయా? కొమురెల్లీ, లేపి సూడుర!"

జీతగాడు కొమురెల్లి వరుసగా లేపి చూశాడు. మూడోదాన్ని లేపి, నడుము పట్టుకుని కూలబడ్డాడు.

"గిదే ఖాయం," అన్నారు దొరవారు.

లౌడ్ స్పీకరు కూడా అదే శాస్త్రం ప్రకారం ఎన్నికయింది. జనరేటరును మాత్రం మోతను బట్టి తీసుకున్నారు. దాని పక్కన నిలబడి బి.డి.ఓ. దేవదాస్ గారు ఏమి చెప్పినా వినపడకపోవడం దొరవారికి ఎంతో నచ్చింది.

చిక్కు యంత్రాన్ని పెట్టే చోటు దగ్గర వచ్చింది. ఆ ఇంట్లో దొర తలకన్నా ఎత్తులో మనిషి గాని, సామాను గాని ఉండకూడదు. దొరకు ముందు ఎవరూ కూర్చోకూడదు. అందుచేత తెర ఎదుట దొరవారి కుర్చీ. వెనక, ఆయన భుజం ఎత్తు దాటని బల్ల మీద ప్రొజెక్టరు. ఇరుపక్కలా నేల మీద జనం.

తొలి ప్రదర్శనగా జపాను పద్ధతి వరి నాట్ల చిత్రం వేశారు. తెర మీద నీళ్లు పారిన మడి కనిపించింది. మడి నడుమ గోపురమంత తలకాయ నీడ ఒకటి, తలకు చుట్టిన రుమాలుతో సహా, నిశ్చలంగా నిలిచింది. "దొరా, జర తల వంచుండ్రి" అనగల మొనగాడు ఆ తాలూకాలో పుట్టలేదు.

దొరవారి పొలంలో ఏళ్ల తరబడి నాట్లు వేసిన లస్మవ్వ ముక్కు మీద వేలేసుకుంది. "ఓయవ్వో, దొర మడిల దిగిండు గదనే! ఎన్నడన్న సూస్తిమా?"

"ఒట్టిగ దిగుడా? మెడ దాంక దిగిండు," అంది పక్కనున్న లింగవ్వ.

ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆ సంతోషాన్ని దొరవారు చిత్రం గొప్పతనం కింద జమకట్టారు.

లక్ష్మీరాజం పెద్ద తెర తెప్పించాడు. తలకాయ కూడా పెద్దదయింది. మేలురకం లెన్సు తెప్పించాడు. రుమాలు కొస సైతం తేటతెల్లమయింది. చివరకు యంత్రాన్ని వెనక గదిలో అటక మీదికి ఎక్కించి, గోడకు కంత కొట్టించాడు. వేరే గదిలో ఉన్న వస్తువు దొర తలకన్నా ఎత్తులో ఉన్నట్టు కాదని బి.డి.ఓ. గారు రూలింగు ఇచ్చారు.

ఆనాడు తెర మచ్చ లేకుండా మెరిసింది. సగంలో దొరవారు లేచి నిలబడ్డారు.

"ఆపుండ్రి! నేనేడ?"

"ఈడనే ఉన్నరు గద దొరా," అన్నాడు లక్ష్మీరాజం.

"ఈడ కాదు వయా, బొమ్మల! రోజు నడిమిట్ల కనబడుతుంటి. ఇయ్యాల ఒక్క తాన లేను. నన్ను కోసి పారేసినవా?"

"సాంకేతిక లోపం సార్," అన్నారు దేవదాస్ గారు.

"జనం నన్ను సూడనీకి వస్తుండ్రు, జపానోణ్ని కాదు. నేను లేని బొమ్మ ఈ ఇంట్ల ఆడద్దు. లక్ష్మీరాజం, నీ నౌకరి ముచ్చట మార్చిల మాట్లాడుత."

కంత పూడ్చారు. తలకాయ తిరిగి యథాస్థానాన్ని అలంకరించింది.

ఫిబ్రవరిలో దొరవారు మొక్కు తీర్చుకోవడానికి కుటుంబంతో కొండగట్టుకు వెళ్లారు. ఆ సాయంత్రమే ముందస్తు కబురు లేకుండా మంత్రిగారి జీపు వచ్చి ఆగింది. ప్రెసిడెంటు గారి ప్రఖ్యాత సినిమా చూసి గాని కదలనన్నారాయన.

"దొర ఊళ్లో లేరంటే మంత్రిగారు తిడతారు. తాను లేకుండా చిత్రం వేస్తే దొర తిడతారు," అని దేవదాస్ గారు చెమటలు తుడుచుకున్నారు.

మంత్రిగారు చాయ తాగేలోపల లక్ష్మీరాజం, కొమురెల్లి కలిసి దొరవారి కుర్చీలో రెండు వడ్ల బస్తాలు పెట్టారు. బస్తాల మీద నీళ్ల కుండ బోర్లించి, కుండకు రుమాలు చుట్టి, కింద శాలువా కప్పారు.

"మా దొరకన్న నయమున్నడు సార్. తిట్టడు," అన్నాడు కొమురెల్లి.

దీపాలార్పి చిత్రం మొదలుపెట్టాకే మంత్రిగారిని లోపలికి తీసుకువచ్చారు. తెర మీది తలకాయను చూసి ఆయన చేతులు జోడించారు. "నమస్కారం ముత్యంరావు గారూ! లేవకండి, లేవకండి."

కుండ లేవలేదు. మంత్రిగారు పక్క కుర్చీలో కూర్చుని రాష్ట్ర పరిస్థితి వివరించసాగారు. జనరేటరు మోతలో జవాబులు వినపడే వీలు లేదు. జవాబులు వినే అలవాటు మంత్రిగారికీ లేదు.

"మీ రోడ్డును వచ్చే ప్రణాళికకు వాయిదా వేస్తున్నాం. శిస్తు కొంచెం పెంచుతున్నాం. మీకేమీ అభ్యంతరం లేదు గదా?"

తెర మీద తలకాయ ఇసుమంతైనా చలించలేదు. మంత్రిగారి ముఖం వికసించింది.

లక్ష్మీరాజం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వంగి విన్నవించాడు. "నాది టెంపరరీ నౌకరి సార్. ప్రెసిడెంటు గారి మాట కోసం ఆగింది."

"ఏమండీ, ఈయన్ని పర్మనెంటు చేస్తే మీకేమైనా కష్టమా?" అని మంత్రిగారు పక్కకు వంగి అరిచి, ఒక్క క్షణం ఆగారు. "చూశావా, ఒప్పుకున్నారు. దేవదాస్, రేపే ఆర్డరు ఇవ్వండి."

జీపెక్కుతూ ఆయన అన్నారు, "ఎందరో ప్రెసిడెంట్లను చూశాను. ఇంత పరిణతి గలవాడిని చూడలేదు. ఇటువంటివారు జిల్లా కమిటీలో ఉండాలి."

దొరవారు కొండగట్టు నుంచి తిరిగి వచ్చి చెప్పులు విడుస్తుండగానే దేవదాస్ గారు ఎదురేగారు. "అభినందనలు సార్! మంత్రిగారు మిమ్మల్ని జిల్లా కమిటీలోకి తీసుకున్నారు. మొన్న ఇక్కడ మీతో జరిపిన చర్చలు ఆయనకు ఎంతో నచ్చాయట."

దొరవారు దేవదాస్ వంక చూశారు. లక్ష్మీరాజం వంక చూశారు. కొమురెల్లి ఇంటి కప్పు వంక చూస్తున్నాడు.

"నాగ్గూడ మంచిగనే అనిపించినయి," అన్నారు దొరవారు. "ఆయనకే జర మాట్లాడుడు ఎక్కువ."