లేత పసుపు గీత

బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో బొగ్గు వ్యాగన్ల లెక్కలకు గ్రాఫులు గీసేవాడు ఆదినారాయణ. అందుకే కాలనీ అంతటికీ అతను బొగ్గు ఆదినారాయణ. మనిషి తెల్లగానే ఉంటాడు. అసూయ పుట్టినప్పుడు మాత్రం పేరుకు తగ్గట్టు మాడిపోతాడు.

తొంభై ఏడులో అతన్ని మాడ్చింది పక్క సీటు సూర్యం. గ్రాఫులు గీసే ఉచిత ప్రోగ్రాం ఒకటి ఇద్దరి కంప్యూటర్లలోనూ ఉండేది. తయారుచేసినవాళ్ళు దాని లోపలి రాత కూడా ఇచ్చేశారు కనుక తెలిసినవాళ్ళు మార్చుకోవచ్చు. రంగు ఫలానా అని చెప్పకపోతే, అది తనంతట తానే వెంట్రుకంత ఎర్రగీత, పక్కన కళ్ళు పొడిచే పచ్చగీత వేసేది. సూర్యం దానికి ఆ అలవాటు మాన్పించాడు. లావుపాటి గీతలు, ముదురు నీలం, ఇటుక రంగు, వెనక లేత బూడిద గళ్ళు. మీటింగులో పెద్దసాహెబు వాటిని అందరికీ ఎత్తి చూపించాడు.

ఇంటికొచ్చి ఈ అన్యాయం చెప్పుకుంటే భార్య నీలవేణి కూడా సూర్యం పక్షమే.

"ఆయన గ్రాఫులు నాకు కూడా తెలుస్తన్నాయి. మీవి చూస్తే చిక్కుపడ్డ దారపుండలే."

"ఆడి గ్రాఫులు నువ్వెక్కడ చూసినావు?"

"వాళ్ళావిడ అసిరమ్మ చూపించింది. ఏటి, చూడకూడదా?"

ఆదినారాయణ సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు సూర్యం భోజనానికి క్వార్టర్‌కు వెళ్ళగానే అతని కంప్యూటర్ ముందు కూర్చుని, రంగులన్నీ లేత పసుపు చేసేశాడు. లావుగీతను సన్నగీత చేశాడు. సాయంత్రం దయాల్‌బంద్ బజారులో జిలేబీలు కట్టించుకుని మరీ ఇంటికెళ్ళాడు.

తెల్లారేసరికి సూర్యం, మామగారికి బాగోలేదని విజయనగరం బండెక్కేశాడు. మీటింగుకు గ్రాఫులు ఆదినారాయణే తేవాలన్నాడు సాహెబు. సూర్యం మిషన్ మీదే తీయమన్నాడు, బాగా వస్తాయని. ఆ రంగులకు సూర్యం వేసుకున్న అంకెలు చెరిపేశాడు గానీ అవేమిటో ఆదినారాయణకు గుర్తురాలేదు. సాహెబు గుమ్మంలో నిలబడి తొందరపెడుతుంటే వచ్చినదాన్నే పట్టుకెళ్ళాడు.

సాహెబు ఆ కాగితాన్ని దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి పట్టి చూశాడు.

"ఆదినారాయణ్‌జీ, ఇస్ మహీనే కోయలా గయా హీ నహీ క్యా?"

ఈ నెల అసలు బొగ్గే వెళ్ళలేదా అన్నందుకు గదంతా నవ్వింది.

ఇంట్లో నీలవేణి ఆ కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. సంగతంతా రాబట్టింది. నవ్వలేదు.

"ఆ నీలం, ఇటుక రంగు అసిరమ్మకి చెప్పింది నేనే. ముందు మీకే చెప్పినాను. నువ్వు చీరలు చూసుకో అన్నారు."

ఆదినారాయణ నిన్న మిగిలిన జిలేబీల పొట్లం ఆమె వైపు జరిపాడు.

సూర్యం తిరిగొచ్చి నీలవేణినే అడిగి రంగులు సరిచేశాడు. కాలేజీలో చదివే తమ్ముడి చేత ఆ మార్పును ప్రోగ్రాం తయారుచేసినవాళ్ళకు పంపించాడు కూడా. వాళ్ళకు నచ్చింది. కొత్త ప్రోగ్రాంలో, చెప్పకపోతే వచ్చే రంగులన్నీ అవే. కృతజ్ఞతల్లో నీలవేణి పేరు.

"అచ్ఛా, ఇక ఊరూరా నా రంగులేనేటి?" అంది ఆమె కూరలో ఉప్పు చూస్తూ.

ఆదినారాయణకు సూర్యం మీద అసూయ పూర్తిగా పోయింది. అసూయపడటానికి అంత దూరం ఆఫీసుకెళ్ళాల్సిన అవసరం ఇప్పుడు లేదు, ఇల్లు చాలు.