దారిలో తరుగు

ఖతర్ దేశంలో ప్రజా రవాణా వ్యవస్థలు రెండు. మొదటిది మనుషులను మోస్తుంది. దానికి రైళ్ళు, బస్సులు, చల్లటి గాలి, ఇంకెన్ని నిమిషాలో చెప్పే బోర్డులు ఉన్నాయి. రెండవది మనుషుల చేత మోయిస్తుంది. దానికి రఫీయుద్దీన్ తప్ప ఏమీ లేదు. అయినా రెండింటిలో నమ్మకంగా నడిచేది రెండవదేనని అనుభవజ్ఞుల అభిప్రాయం (మొదటిది శుక్రవారం పొద్దున ఆలస్యంగా మొదలవుతుంది, రెండవదానికి ఏ వారమూ సెలవు లేదు).

ఈ రెండు వ్యవస్థలూ ముషైరిబ్ స్టేషన్‌లో కలుస్తాయి. రెడ్, గ్రీన్, గోల్డ్ లైన్లు అక్కడ కలుస్తాయని గోడమీది మ్యాపు చెబుతుంది. జగిత్యాల, నిర్మల్, కామారెడ్డి లైన్లు కూడా అక్కడే కలుస్తాయని మ్యాపు చెప్పదు. ఆ సంగతి ఎవరికి వారు ఎక్కి తెలుసుకోవలసిందే.

జలంధర్ ఒక నవంబరు శుక్రవారం తెలుసుకున్నాడు. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఉంటూ స్కాఫోల్డింగ్ (పరంజా కట్టే) పని చేసే అతనికి రెండేళ్ళ తర్వాత మొదటిసారి సెలవు దొరికింది. వచ్చే శుక్రవారమే విమానం. ఇంటి నుంచి భార్య మమత అడిగింది ఒకటే ఒకటి, రగ్గు. పోయిన చలికాలం ఇంటికి చుట్టాలొస్తే పక్కింటి రగ్గు అడిగి తెచ్చుకుంది. పక్కింటామె ఇచ్చింది, ఇచ్చినట్టు ఊరందరికీ చెప్పింది కూడా. 'దుబాయ్‌ల మొగడున్నోళ్ళింటికి మా చెద్దర్ కావాలె' అన్న ఆ మాట మమతకు ఏడాదైనా మానలేదు.

"బంగారం వద్దు, ఫోను వద్దు. చెద్దర్ తే. నెమళ్ళది. దండెం మీద ఆరేస్త, అందరు సూడాలె" అని ఫోన్లో చెప్పింది. (జలంధర్ ఉండేది ఖతర్. ఊళ్ళో మాత్రం సముద్రం దాటిన ప్రతి చోటూ దుబాయే. ఈ విషయంలో భూగోళ శాస్త్రం ఎప్పుడో చేతులెత్తేసింది.)

కాబట్టి జలంధర్ ఆరు కిలోల రగ్గు కొన్నాడు. ఎర్రటి రగ్గు, దాని మీద రెండు నెమళ్ళు. అదే బొమ్మ అచ్చేసిన అట్టముక్కతో సహా జిప్పున్న మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చారు. ఆ సంచి చేత్తో పట్టుకుని నేరుగా మెట్రో ఎక్కాడు. తప్పు అక్కడే జరిగింది. ఖతర్‌లో తెలుగువాడు రగ్గు సంచితో రైలెక్కడమంటే తనకు సెలవు మంజూరైందని మైకులో చెప్పడమే. తెలిసినవాళ్ళు రగ్గును నల్లటి చెత్త కవర్లో చుట్టుకుని టాక్సీలో పోతారు. ఎవరైనా అడిగితే పరుపంటారు.

పక్క సీట్లోని పెద్దమనిషి సంచి వైపు చూశాడు. యాభై దాటిన వయసు, ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో ఫైలు.

"నెమళ్ళు మంచిగున్నయ్ తమ్మీ. మనదేడ?"

అపరిచిత తెలుగువాళ్ళు రైల్లో ఎదురుపడితే ఆరు ప్రశ్నలుంటాయి. ఏ ఊరు, ఏ మండలం, ఏ కంపెనీ, ఏం పని, వచ్చి ఎన్నేండ్లాయె అన్నవి మొదటి ఐదు. ఇవి అలంకారానికి. ఆరోదే అసలు ప్రశ్న. రెండు స్టేషన్ల మధ్య ఆరూ పూర్తి కావాలి.

"రాయికల్ దిక్కు" అన్నాడు జలంధర్.

"అరే! మా బావమరిది దుకాణం రాయికల్‌లనే. నాది బోధన్, రఫీయుద్దీన్ అంటరు." తక్కిన నాలుగు ప్రశ్నలూ చకచకా అయిపోయాయి. "ఎప్పుడు పోతున్నవ్ మరి?"

ఇక్కడ 'ఇంకా తెల్వదు భాయ్, కంపెనోళ్ళు చెప్తలేరు' అనాలి. ఇరవై ఏళ్ళ సర్వీసున్నవాళ్ళు విమానం మెట్ల మీద నిలబడి కూడా అదే అంటారు. కానీ తమ్మీ అని పిలిచి, మండలం పేరు విని మురిసిపోయిన మనిషితో అబద్ధమాడడానికి జలంధర్‌కు నోరు రాలేదు.

"వచ్చే శుక్రవారం" అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. "టికెట్ మీద ముప్పై కిలోలు ఇచ్చిండ్రు. నాదేం లేదు, ఈ చెద్దరొక్కటే. కార్టన్ అంత ఖాళీనే" అని కూడా అన్నాడు.

రఫీయుద్దీన్ కళ్ళు మూసుకుని దేవుడికి షుక్రియా చెప్పుకున్నాడు. తర్వాత ఫైలు తెరిచాడు.

ఆయన ఫరీజ్ బిన్ మహమూద్ బస్తీలో ఒక టైపింగ్ సెంటర్లో పని చేస్తాడు. పదకొండేళ్ళుగా ఇతరుల దరఖాస్తులు నింపీ నింపీ, దరఖాస్తు లేని పని ఆయన కంటికి పనిగానే ఆనదు. 'ప్రవాసుల పరస్పర సామాను సంఘం, ముషైరిబ్ శాఖ' (వేరే శాఖలు లేవు) అలా పుట్టింది. ఆయనే కార్యదర్శి. అధ్యక్షుడు గత ఏడాది ముప్పై కిలోలతో ఊరికి పోయి మళ్ళీ రాలేదు. సంఘం నిబంధనలు తొమ్మిది, లామినేషన్ చేసిన కార్డు మీద ఉంటాయి. ఒకటవ నిబంధన ప్రకారం ఖాళీ ఉందని నోటితో చెప్పినవాడు సభ్యుడైనట్టే. నాలుగవ దాని ప్రకారం సామాను అందుకున్నవాళ్ళు దాన్ని కాంటా పెట్టి, ఫోటో తీసి, పంపినప్పటి బరువు, అందినప్పటి బరువు సంఘం వాట్సాప్ గ్రూపులో రాయాలి. ఆరవది ప్రయాణికుడి సొంత సామాను గురించి. అది మిగిలిన స్థలంలో పట్టాలి.

ఫారంలో 'ప్రయాణికుడి బరువు' అనే గడి కూడా ఉంది. జలంధర్ ఏం రాయాలని అడిగాడు.

"అది వదిలెయ్ తమ్మీ. దాంతోని మనకేం పని లేదు" అని రఫీయుద్దీన్ అడ్డగీత కొట్టాడు.

వారం రోజుల్లో పద్నాలుగు ఇళ్ళ సామాను వచ్చింది. తీసుకొచ్చిన వాళ్ళలో ఒక్కరిని కూడా జలంధర్ అంతకుముందు చూసి ఉండలేదు. పాలపొడి డబ్బాలు, నొప్పుల బామ్, ఖర్జూరం, పాలపొడి డబ్బాలోనే దాచిన అత్తరు సీసా, ఒక కుడికాలి బూటు. బూటు ఒక్కటే ఎందుకుందని జలంధర్ అడిగాడు. ఎడమ బూటు మార్చిలో వేరే అన్న వెంట పోయిందట, అప్పుడు ఇంక నాలుగు వందల గ్రాముల చోటే మిగిలి ఉండిందట. ఎనిమిది నెలలుగా కుడిది వరుసలో ఉంది.

తూనిక అధికారి ఖయ్యూమ్ కూరగాయల మార్కెట్లో లోడింగ్ మనిషి. ఏ వస్తువైనా చేతిలోకి తీసుకుని, ఒకసారి ఎగరేసి, బరువు చెబుతాడు. అప్పీలు లేదు. గురువారం సాయంత్రం కార్టన్ లేపి, "తీస్ కిలో, ఏక్ తోలా నై ఎక్కువ" అని ప్రకటించాడు. ముప్పై కిలోలూ పరాయివి. జలంధర్ చొక్కాలు క్యాంపులోనే ఉండిపోయాయి.

"టెన్షన్ నక్కో తమ్మీ" అన్నాడు రఫీయుద్దీన్. "చేతి సామాను ఏడు కిలోలుంటది గద. నీ చెద్దర్ నీ చేతిలనే."

అది నిజమే. జలంధర్ ఆ మాట పట్టుకుని రాత్రంతా హాయిగా నిద్రపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం కార్టన్ కాళ్ళ దగ్గర, రగ్గు ఒళ్ళో పెట్టుకుని విమానాశ్రయం రైల్లో కూర్చున్నాడు. ముషైరిబ్‌లో సన్నటి మనిషొకడు పరుగున ఎక్కి నేరుగా అతని ముందుకొచ్చి నిలబడ్డాడు. చంకలో గుడ్డమూట. రైల్లో ముగ్గురు నలుగురు లేచి పక్క పెట్టెకు వెళ్ళిపోయారు.

"జలంధరన్న నువ్వేనా? చెద్దర్ సూసి గుర్తువట్టిన. నా పేరు తిరుమల్. అల్ రువైస్ రేవు కాడికెళ్ళి వస్తున్న, రెండు బస్సులు మారిన. రఫీ భాయ్ ఫారం పాస్ చేసిండు" అని కాగితం చూపించాడు. వస్తువు: ఎండుచేపలు. బరువు: ఆరు కిలోలు. అందవలసినవారు: పోచవ్వ, తల్లి. ఆమెది జలంధర్ పక్క ఊరే.

జలంధర్ రగ్గును రెండు చేతులా పట్టుకున్నాడు. "లేదు తమ్మీ. అంత మీ సామానే పట్టుకపోతున్న. ఇదొక్కటే నాది."

వాదించి ఉంటే జలంధర్ గెలిచేవాడే. కానీ తిరుమల్ వాదించలేదు. "సరే అన్నా" అని మూట కింద పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. కాసేపటికి ఎవరితోనో అన్నట్టు చెప్పాడు. "ఓడరేవుల గోనె పరిచి నెల దినాలు ఎండబెట్టిన. కాకులకు కావలి ఉన్న. ఐదేండ్లాయె నేను పోక. కాగితాలు సక్కగ లేవన్నా, పోతే మళ్ళ రానియ్యరు. మా అవ్వ పండుగకు నువ్వన్న రా, చేపలన్న పంపు అన్నది."

జలంధర్‌కు వాడి మీద చచ్చేంత కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ దిగమింగుకుని, "ఈ మూటతోని విమానం ఎక్కనియ్యరు. వాసనకే దింపుతరు" అన్నాడు.

ఇద్దరూ ఒకేసారి రగ్గు సంచి వైపు చూశారు. గాలి కూడా దూరని సంచి అది. జిప్పు మంచిది.

మరో స్టేషన్ వచ్చేలోపు పని అయిపోయింది. చేపలు నెమళ్ళ సంచిలోకి పోయాయి. రగ్గు బయటికొచ్చింది. తిరుమల్ దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని, "నా పానం తీరు సూసుకుంటన్నా. ఎవరన్న పోయేటోళ్ళు దొరికితే ఫస్టు నీదే పంపుత" అన్నాడు. దిగే ముందు ఫారం వెనక రసీదు కూడా రాసిచ్చాడు. రగ్గు ఒకటి, నెమళ్ళు రెండు, వరుసలో పదిహేనవది.

విమానాశ్రయం కౌంటర్లో అమ్మాయి, ఈ సామానంతా మీదేనా అని హిందీలో అడిగింది. ఔనన్నాడు జలంధర్. అతను జీవితంలో అబద్ధాలు ఆడకపోలేదు గానీ, ముప్పై ఆరు కిలోల అబద్ధం ఆడడం అదే మొదలు.

మర్నాడు పొద్దున జీపు దిగేసరికి ఇంటి ముందు వరుస కట్టి ఉంది. విమానం నంబరుతో సహా అందరికీ గ్రూపులో ముందే కబురు అందింది. కిరాణా కొట్టు నుంచి కాంటా తెచ్చి వాకిట్లో పెట్టారు. వరుసలో నాలుగో మనిషి ఎడమకాలికి బూటు వేసుకుని, కుడికాలు ఒట్టిగా పెట్టుకుని నిలబడ్డాడు. బాగా ఓపికగల మనిషి. అతని వెనకాల ఎక్కడో పోచవ్వ కర్ర పట్టుకుని ఉంది. అందరికన్నా చివర మమత.

గుమ్మం ఆమెదే, వాకిలి ఆమెదే. అయినా వరుసలో నిలబడింది.

"నువ్వెందుకే నిలబడ్డవ్?" అన్నాడు జలంధర్.

"నాది గుడ వస్తదిగా" అని నవ్వింది. ఆమె చూపు అతని చేతిలోని సంచి మీద ఉంది. అట్టమీద నెమళ్ళు రెండూ దూరం నుంచే స్పష్టంగా కనిపిస్తున్నాయి. దండెం మీద బట్టలన్నీ తీసేసి ఉన్నాయి. పక్కింటామె గోడ దగ్గరికి వచ్చి నిలబడింది.

జలంధర్ చెప్పాలనుకున్నాడు. వరుస నడుస్తూనే ఉంది. డబ్బాలు కాంటా ఎక్కాయి, ఫోటోలు తీశారు, అత్తరు సీసాకు నాలుగు గ్రాముల తేడా వస్తే పంచాయితీ నడిచింది. కుడిబూటు తొడుక్కున్న మనిషి రెండడుగులు నడిచి చూసి, పాదం పెరిగిందని రెండూ విప్పి చేతబట్టుకుని పోయాడు. పోచవ్వ వంతు వచ్చింది. జలంధర్ నెమళ్ళ సంచి ఆమె చేతుల్లో పెట్టాడు.

పోచవ్వ జిప్పు తెరిచి ముఖం లోపల పెట్టి చాలాసేపు తీయలేదు. తీసేసరికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "మంచిగెండినయ్ బిడ్డా. వాడెట్లున్నడు?"

"మంచిగున్నడవ్వా" అన్నాడు జలంధర్. (ఆరవ ప్రశ్నలాగే దీనికీ ఒకటే జవాబుంటుంది.)

ఆమె సంచితో సహా వెళ్ళిపోయింది. వాకిట్లో మమత మిగిలింది. గోడ అవతల పక్కింటామె మిగిలింది.

జలంధర్ జేబులోంచి రసీదు తీసి ఇచ్చాడు. మమత చదివింది. రగ్గు ఒకటి, నెమళ్ళు రెండు, వరుసలో పదిహేనవది. కాగితం మడిచి కొంగున కట్టుకుంది. అతన్ని అప్పుడు చూసింది, చొక్కాను, చొక్కాలోపల భుజాల ఎముకలను, లోపలికి పోయిన దవడలను. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి కాంటా మీద నిలబెట్టింది.

ముల్లు ఊగి ఊగి యాభై ఏడు దగ్గర ఆగింది.

ఆమె లోపలికి పోయి బీరువాలోంచి అతను పోయేముందు చేయించుకున్న మెడికల్ కాగితం తెచ్చింది. కాంటా మీదున్న మొగుణ్ణి ఫోటో తీసింది. నిబంధన నాలుగు ప్రకారం గ్రూపులో రాసింది: 'పార్సల్ అందింది. పంపినప్పుడు అరవై ఎనిమిది కిలోలు. ఇప్పుడు యాభై ఏడు.'

ఖతర్ నుంచి కార్యదర్శి జవాబు ఒక నిమిషంలోనే వచ్చింది: 'నిబంధన తొమ్మిది చూడగలరు. దారిలో తరుగుకు సంఘం బాధ్యత వహించదు.'