నలభై ఏడో పంజరం వారి అంగీకారం

విశాఖలోని ఒక పరిశోధన సంస్థలో, మగ ఎలుకలో లోపం ఉందని రాయాలంటే ముందుగా ఆ ఎలుక సంతకం తీసుకోవాలి. ఇదేమంత విడ్డూరమైన నిబంధన కాదు. ఆడ ఎలుకల విషయంలో మాత్రం ఆ తతంగం అక్కర్లేదు, అటెండరు రాసినా చెల్లుతుంది.

పరిశోధక విద్యార్థిని సుభాషిణి ఆ సంతకం కోసం ఏడాదిగా తిరుగుతోంది. నలభై ఏడో పంజరంలోని కోదండం అనే ఎలుకకు వృషణాల్లో పలకవలసిన, అంటే పని మొదలుపెట్టవలసిన, జన్యువు ఒకటి పలకడం లేదు. దాంతో అతని వీర్యకణాలకు తోకలున్నాయి గానీ ఈత రాదు. పాపం, ఆమె మూడుసార్లు సరిచూసుకుంది కూడా. సంతకం లేనిదే సిద్ధాంత గ్రంథం తీసుకునేది లేదని ఆఫీసు తేల్చేసింది. నెలాఖరు దాటితే ఆమె చదువంతా గంగలో కలిసినట్టే.

కోదండం తల్లి ససేమిరా అంది. "మా వంశంలో అలాంటి మాటే లేదమ్మా! మా మామగారికి నూట పన్నెండు మంది సంతానం. లోపమేదో మా ఇంటికొచ్చిన కోడళ్ళలోనే ఉంది."

ఆ లెక్కన ఆవిడ ఇప్పటికి ఆరుగురు కోడళ్ళను వెనక్కి పంపింది. ఆరుగురి రికార్డులోనూ అటెండరు 'గొడ్రాలు' అని రాసేశాడు. వాళ్ళలో ముగ్గురికి వేరే పంజరాల్లో పదేసి మంది పుట్టారు. అయినా రాసింది కొట్టేయడానికి ఆఫీసులో ఫారం లేదు.

ఇక లాభం లేదని సుభాషిణి ఒకరోజు కోదండాన్ని మైక్రోస్కోపు ముందు స్టూలెక్కించింది. అతను చాలాసేపు చూశాడు.

"ఇవి నావేనా మేడమ్?"

"నీవే."

"ఒక్కటీ ముందుకెళ్ళట్లేదే!"

"జన్యువు పలకట్లేదు. అందులో నీ తప్పేం లేదు."

"నాది తప్పు కానప్పుడు, ఇన్నాళ్ళూ వాళ్ళదెలా అయిందండీ?" అన్నాడు కోదండం. సిరా పెట్టెలో కాలు ముంచి ఫారం మీద గట్టిగా నొక్కాడు.

సుభాషిణికి ఆనందంతో కాళ్ళు నేలమీద నిలవలేదు. మెట్లు రెండేసి చొప్పున దిగి ఆఫీసుకు పరిగెత్తింది. గ్రంథం స్వీకరించారు, డాక్టరేటు వచ్చింది. కోదండానికి సంస్థ ఘనంగా సన్మానం చేసింది. కప్పిన శాలువాలో అతను కనిపించకుండా పోతే తీసి మళ్ళీ కప్పారు. ఇంతటి నిజాయితీపరుణ్ణి చూడలేదని డైరెక్టరు గద్గదంగా ప్రసంగించాడు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. తల్లి కూడా కొడుకు గొప్ప మనసును అందరికీ చెప్పుకుని పొంగిపోయింది. ఆ ఆరుగురిని పిలవాలని ఎవరికీ తోచలేదు.

మర్నాటి నుంచి సంబంధాలు వెల్లువెత్తాయి. నలభై ఒక్క పంజరాల వాళ్ళు పిల్లనిస్తామన్నారు. తల్లి ఒక తెల్లటి పిల్లను ఖాయం చేసింది. పంజరం మార్పు ఫారం మీద డాక్టర్ సుభాషిణి సంతకం పెట్టాలి. ఆమె పెన్ను తీసి కూడా ఆగింది.

"అన్నీ తెలిసే ఒప్పుకున్నావా?" అని ఆ పిల్లను అడిగింది.

"తెలుసు మేడమ్. పిల్లలు పుట్టకపోతే నన్ననరు కదా!" అంది పెళ్ళికూతురు మురిసిపోతూ. "ఇంతకన్నా మంచి సంబంధం ఎక్కడ దొరుకుతాదండీ?"

సుభాషిణికి అందులో అభ్యంతరమేమీ కనిపించలేదు. సంతకం పెట్టి, ఆ పిల్లను తన చేత్తోనే నలభై ఏడో పంజరంలో దింపింది.