తిరుగులేని డిస్కు

మా ఇంట్లో నిద్ర లేవడానికి ఇద్దరికి టైము పడుతుంది. కంప్యూటర్‌కి ఇరవై రెండు నిమిషాలు, నాకు ఇరవై అయిదు. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ తిట్లన్నీ నాకే వచ్చేవి. కంప్యూటర్ వచ్చాక సగం అటు మళ్లాయి. అందుకే అదంటే నాకు అభిమానం.

నేను ఇంట్లోనే కూర్చుని ఒక ప్రెస్సు వాళ్ల పాఠ్యపుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. ఊళ్లోవాళ్ల తప్పులు నేను దిద్దుతాను, నా తప్పులు మా ఆవిడ దిద్దుతుంది. ఆవిడ బడిలో లెక్కల టీచరు కాబట్టి దిద్ది ఊరుకోదు, మొత్తం ఎన్నో కూడా చెబుతుంది.

పొద్దున్నే ఏడింటికి స్విచ్చి నొక్కుతాను. డబ్బాలో పాత డిస్కు కరకర, టిక్కు, కరకర అంటూ మొదలుపెడుతుంది. వెంటనే వంటింట్లోంచి మా ఆవిడ కూడా మొదలుపెడుతుంది.

"ఏమండీ, ఆ చెత్తబుట్ట కాస్త బయట పెడతారా?"

"కంప్యూటర్ బూటవుతోందే. మధ్యలో ఏదో అడుగుతుంది, నొక్కాలి. కదలడానికి లేదు."

"బూటు దాకా ఎందుకు, మీకు చెప్పు చాలు."

"ఏం చెప్పమంటావు?"

"చెప్పింది వినమంటాను."

నిజానికి కంప్యూటర్ ఏమీ అడగదు. ఆ ఇరవై రెండు నిమిషాలూ నేను పేపర్లో గళ్లనుడికట్టు నింపుకుంటాను. టేబులు కూడా ముందుచూపుతోనే వేయించాను. తెర మొహం నాకు, వీపు ఇంటికి. ఈ భూమ్మీద ఎవరు ఏ పని అడిగినా నేను చెయ్యక్కర్లేని చోటు అదొక్కటే.

ఇలా సుఖంగా సాగుతుండగా ప్రెస్సు మేనేజరు ఫోన్ చేశాడు. ఆయన పేరు అందరూ మరిచిపోయారు, గడువుగారు అంటేనే పలుకుతాడు.

"ఆరో తరగతి సైన్సు పుస్తకం సోమవారానికి ఇవ్వాలి సార్."

"ఆలోచించి చెబుతాను."

"ఆలోచనకి రేపటిదాకా గడువు. మీ కంప్యూటర్ ఫైలు తెరిచేలోపు మా పిల్లలు ఏడో తరగతికొస్తున్నారు. ఈసారి ఆలస్యమైతే వచ్చే ఏడాది పుస్తకాలు వేరేవాళ్లకిస్తాం."

వెంటనే మా బావమరిదిని పిలిచాను. కంప్యూటర్లు బాగుచేస్తాడు. చిప్పు అని పిలుస్తాం.

చిప్పు డబ్బా విప్పి, నాడి చూసినట్టు డిస్కు మీద వేలు పెట్టాడు. "ముసలిదైపోయింది బావా. దీంట్లో పళ్లెం గిరగిరా తిరుగుతుంది, ముల్లు దానిమీద వెతుక్కుంటుంది. ఇది తీసేసి ఎస్సెస్డీ వేయించుకో. దాంట్లో తిరగడమే లేదు. అన్నీ చిప్పులే."

"చిప్పులు వేయించుకుని నేను చిప్ప పట్టుకోవాలా?"

"తిరుగులేనిది బావా. పద్దెనిమిది సెకన్లలో లేస్తుంది."

పద్దెనిమిది సెకన్లంటే గళ్లనుడికట్టులో అడ్డం ఒకటి చదవడానికే చాలవు. రోజంతా తర్జనభర్జన పడ్డాను. వేయిస్తే ఉద్యోగం నిలబడుతుంది, నేను కూర్చోలేను. వేయించకపోతే నేను కూర్చుంటాను, ఉద్యోగం నిలబడదు.

సాయంత్రం మా ఆవిడ అభిప్రాయం అడిగాను, ఏమీ ఎరగనట్టు.

"వేయించుకోండి. దాని బద్ధకమైనా వదులుతుంది," అంది పరీక్షపేపర్లు దిద్దుతూ.

"వద్దులే. ఉన్నది బాగానే ఉందిగా."

ఆవిడ తలెత్తి నన్నొకసారి చూసింది. జవాబు సరిగ్గా వచ్చి, మధ్యలో మెట్లు లేని లెక్కని అలాగే చూస్తుంది.

ఆ చూపులోనే నాకు ఉపాయం తట్టింది. డిస్కు మార్చాలి, మారినట్టు ఇంట్లో తెలియకూడదు. అడ్డొచ్చేది ఆ చప్పుడొక్కటే. కొత్తది మూగది. కరకర వినపడకపోతే లెక్కల టీచరు ఊరుకుంటుందా?

మర్నాడు పొద్దున్న పాత డిస్కు పాటంతా, ఇరవై రెండు నిమిషాలూ, ఫోన్‌లో రికార్డు చేశాను. మా ఆవిడ బడికి వెళ్లగానే చిప్పు వచ్చి డిస్కు మార్చేశాడు.

"అక్కతో ఒక్క ముక్క మాట్లాడకు," అన్నాను.

"ఒట్టు బావా, మాట్లాడను," అని పాత డిస్కు జేబులో వేసుకుపోయాడు.

రికార్డింగులో ఒకే ఒక్క లోపం. పద్నాలుగో నిమిషంలో వంటింట్లోంచి మా ఆవిడ గొంతు, దానికి నా జవాబు కూడా పడ్డాయి. ప్రూఫులు దిద్దేవాణ్ణి, ఆ మాత్రం దిద్దుకోలేనా? పదమూడో నిమిషంలో ఫోన్ గొంతు నొక్కేసి, పదిహేనులో వదిలేవాణ్ణి.

ఎనిమిది రోజులు దివ్యంగా గడిచాయి. గడువుకి రెండు రోజుల ముందే పుస్తకం ఇచ్చేశాను. గడువుగారు ఫోన్‌లో ఇవాళ తేదీ ఎంతని రెండుసార్లు అడిగాడు. పొద్దున్న ఏడింటికి డబ్బా వెనక ఫోన్ కరకరలాడుతుంటే, నేను కాలు మీద కాలేసుకుని గళ్లు నింపుకునేవాణ్ణి. మా ఆవిడ తన పేపర్లు ఎగిరిపోకుండా నా టేబులు చివర ఏదో వెండిరంగు దిమ్మ పెట్టుకుంది. కాఫీ కప్పు పెట్టుకోవడానికి అది నాకూ కలిసొచ్చింది.

తొమ్మిదో రోజు మా ఆవిడ చిక్కుడుకాయల పళ్లెంతో వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంకా లేవలేదా?"

"లేస్తోంది. పెద్ద ప్రాణం కదా."

"పోనీ చేతులు ఖాళీయేగా, ఈ చిక్కుళ్లు ఒలవండి."

"చిక్కుళ్లు పట్టుకుంటే చిక్కే. అది అడిగినప్పుడు నొక్కాలి."

ఆ మాట అంటుండగానే కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ ఆగింది. పక్కింటివాళ్ల మిక్సీ ఆగింది. తెర నల్లబడింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మా డిస్కు ఒక్కటే కరకర, టిక్కు, కరకర అంటూ తిరుగుతోంది.

మా ఆవిడ డబ్బా వైపు చూసింది. నేను గోడ గడియారం వైపు చూశాను. పదమూడో నిమిషం దాటుతోంది. ఫోన్ డబ్బా వెనక ఉంది. డబ్బా ఆవిడ మోకాళ్ల పక్కనుంది.

"మంచి పనిమంతురాలండీ," అంది. "కరెంటు లేకపోయినా ఆగట్లేదు."

"పాతకాలం వస్తువు. ఊపు మీదుంది. అదే ఆగుతుంది."

అప్పుడు డబ్బా వెనక నుంచి మా ఆవిడ పిలిచింది. "ఏమండీ, పాలు పొంగుతున్నాయి, కాస్త స్టవ్ ఆపండి."

ఎదురుగా ఉన్న మా ఆవిడ నోరు విప్పలేదు. చిక్కుడుకాయ ఈనె తీస్తోంది.

డబ్బా వెనక నుంచి నేను బదులిచ్చాను. "డిస్కు తిరుగుతోందే. ఇప్పుడు కదిలితే మళ్లీ మొదటికొస్తుంది."

ఎదురుగా ఉన్న నేను కూడా నోరు విప్పలేదు.

మా ఆవిడ లేచి, పళ్లెం నా ఒళ్లో పెట్టింది. "లోపలున్నాయన పనిలో ఉన్నారు, పాపం. ఆయన్ని కదపొద్దు. బయటున్న మీరు ఒలవండి."

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"మీ కాఫీ కప్పు తియ్యండి."

తీశాను. ఆ వెండిరంగు దిమ్మ మా పాత డిస్కే, పైన నంబరుతో సహా. ఎనిమిది రోజులుగా దాని నెత్తినే కాఫీ పెట్టుకుని, అది డబ్బాలో తిరుగుతోందని చెబుతున్నాను.

చిప్పుకి ఫోన్ చేసి నిలదీశాను.

"నేను అక్కతో ఒక్క ముక్క మాట్లాడలేదు బావా," అన్నాడు. "బడికెళ్లి చేతిలో పెట్టొచ్చానంతే."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావు?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"పుస్తకం పూర్తి కానిద్దామని. పైగా లెక్క కాస్త పెరగనిద్దామని." పరీక్షపేపరు వెనక చూపించింది. ఇవాళ్టితో కలిపి తొమ్మిది రోజులు, రోజుకి ఇరవై రెండు చొప్పున నూట తొంభై ఎనిమిది నిమిషాలు. అందులోంచి కొత్త డిస్కు నిజంగా తీసుకున్న పద్దెనిమిదేసి సెకన్లు న్యాయంగా తీసేసింది. మిగిలింది నూట తొంభై అయిదు నిమిషాల పద్దెనిమిది సెకన్లు.

"ఫ్యాను రెక్కలు తుడవడానికి నలభై. కర్టెన్లు ఉతకడానికి అరవై అయిదు. అటక సర్దడానికి తొంభై. సరిపోయింది."

"ఆ పద్దెనిమిది సెకన్లు?"

"అవి మీవే. గళ్లనుడికట్టు చేసుకోండి."

ఇప్పుడు డిస్కు తిరగడం మానేసింది, ఇల్లంతా నేనే తిరుగుతున్నాను. నిన్న అటక సర్ది నిచ్చెన దిగుతుంటే మెట్టుమెట్టుకీ చప్పుడు. కరకర, టిక్కు, కరకర.

"మళ్లీ రికార్డింగు పెట్టారా?" అంది మా ఆవిడ కిందనుంచి.

"లేదు. ఇవి మోకాళ్లు," అన్నాను.